ఏటేటి హాజరు

కోరాపుట్టు కొండసీమలోని జయపుర సంస్థానమున విజయదశమి దర్బారు కేవలము వేడుక నిమిత్తము తీరుచుండినది గాదు. సంస్థానమునకు లోబడి, సేవను షరతుగా బెట్టుకొని భూములనుభవించు దొరలును, ముఠాదారులును, వారి వెంట పాయికులును, తమ తమ జెండాలతో బాజాలతో కొండదారులు దిగివచ్చి మహారాజు సమక్షమున నిలుచుట ఆచారమై యుండెను. అట్లు నిలుచుటతోనే, ఈ యేడును మేము మీవారము, మా భూములు మావి యను ఒడంబడిక మరల నొక సంవత్సరమునకు జీవము పోసికొనుచుండెను. తాట్ రాజా యను బిరుదుతో బిస్సమ్ కటక్ నేలిన వంశము వారును ఈ సామంతవర్గమునకు జెందినవారే. ఇందులో కాగితము లేదు. గడువు తేదీని గుర్తుంచుకొను శ్రమయు లేదు, ఏలయన పండుగ తనంతట తానే వచ్చి జ్ఞాపకము చేయును.

నేడు ఆ ప్రాంతమున కాపురమున్న విశ్రాంతోద్యోగి నవంబరు మాసము రాగానే బ్యాంకునకో ట్రెజరీకో పోయి తాను జీవించియున్నానని రుజువు చేసికొనుట ఈ ప్రాచీనాచారమునకు చట్టరీత్యా వారసత్వము కాకపోవచ్చును గాని, స్వభావము చేత దానికి దగ్గరి చుట్టమని నా యభిప్రాయము. ఈ రెంటికిని నడుమ నున్నది ఆంగ్లేయుల ఖజానా.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడువరకు కోరాపుట్టు ప్రాంతమంతయు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము ఏజెన్సీలో భాగము. 1839 నాటి చట్టము చేత కలెక్టరే గవర్నరు ఏజెంటై యీ కొండసీమను పాలించుచుండగా, 1871 నాటి పింఛనుల చట్టము పింఛను వ్యవహారములను సివిలు కోర్టుల పరిధి నుండి చాలవరకు దప్పించి అదే కలెక్టరు చేతికప్పగించెను. నాడు పింఛనుదారుని పత్రము రెండు ప్రతులు: ఒకటి అతని పెట్టెలో, రెండవది ట్రెజరీ గుమాస్తా బీరువాలో. సొమ్ము చెల్లించునపుడెల్ల రెంటిని సరిపోల్చి, రెంటను పద్దు వ్రాయవలసియుండెను. ఆ పత్రమున పేరు, ఊరు మాత్రమే కాక, ఎత్తు, పుట్టుమచ్చలు, వ్రేలిముద్ర మొదలగు దేహచిహ్నములును నమోదగుచుండెను. ముప్పదియేండ్లు కచేరీలో ఇతరుల దరఖాస్తులను పరిశీలించి ఆక్షేపణలు వ్రాసిన గుమాస్తా, తన వంతు వచ్చినప్పుడు కిటికీ ముందు నిలిచి తన చెంప మీది మచ్చను మరియొక గుమాస్తాకు జూపవలసివచ్చుట యందు విధి చమత్కారము లేకపోలేదు. ఘోషా స్త్రీలకును, మంచము దిగలేని రోగులకును ఈ స్వయముగా కనబడు నిబంధన నుండి మినహాయింపు ఉండెను. వారి తరఫున మేజిస్ట్రేటు వంటి బాధ్యతగల యధికారి సంతకము చేసిన జీవనధ్రువపత్రము చాలుచుండెను. మినహాయింపుగా బుట్టిన ఆ పత్రమే క్రమముగా అందరకును నియమమైనది.

ఇటీవలి చరిత్ర చాలమందికి దెలిసినదే. 2014వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ‘జీవన్ ప్రమాణ్’ పేరిట ఆధారు వ్రేలిముద్రతో ఈ పత్రమును కంప్యూటరు ద్వారా సమర్పించు పద్ధతిని బ్రవేశపెట్టెను. 2020లో తపాలా బంట్రోతు ఇంటి గుమ్మములోనే ఆ పని ముగించు సదుపాయమును వచ్చినది. అయితే వయస్సు మీరినవారి చేతులలో రేఖలరిగి యంత్రము వాటిని గుర్తింపకపోవుట సామాన్యము. 2021లో వ్రేలిముద్రకు మారుగా ముఖమునే ఫోను చేత గుర్తింపజేయు పద్ధతి వచ్చినది. దసరా దర్బారులో పనికివచ్చిన ముఖదర్శనమే యిన్నాళ్లకు మరల చెల్లుబాటైనదన్నమాట. కాకున్న అప్పుడు చూచువాడు మహారాజు, ఇప్పుడు చూచునది యంత్రము.

విశ్రాంత రైల్వే ఉద్యోగులు ఏటేట అర్జీ పెట్టి పొందు రైలు పాసు కథ వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారి లైను విజయనగరము నుండి కొండలను దొలిచికొని రాయపూరు వరకు 1931 నాటికి పూర్తియైనది. రాయగడ, బిస్సమ్ కటక్, మునిగుడ స్టేషనులు దాని మీదివే. ఆ లైనుతో బాటు ఎందరో తెలుగువారు స్టేషను మాస్టర్లుగా, గార్డులుగా, పాయింట్స్‌మన్‌లుగా, కళాసీలుగా ఈ కొండలలోనికి వచ్చి, కొందరు రాయగడ ప్రాంతముననే స్థిరపడిపోయిరి. వారిలో తొలితరము వారికి పింఛను లేదు. ఉద్యోగము ముగియగానే భవిష్యనిధి సొమ్ము చేతికిచ్చి పంపుట ఆనాటి పద్ధతి. రైల్వేలలో పింఛను విధానము 1957లో గాని రాలేదు. విశ్రాంతులకిచ్చు పాసునకు రైల్వే కుటుంబములలో నేటికిని గల గౌరవము, దాని వెల చేత గాక, ఇంటిలోని మనిషి ఇంకను రైల్వే మనిషియేనని అది చెప్పుట చేతనే కలిగినదని నాకు దోచును. శ్రేణిని, సేవాకాలమును బట్టి ఏటికి ఒకటి మొదలు మూడు వరకు లభించుచు వచ్చిన ఈ పాసులకు లెక్క జనవరితో మొదలై డిసెంబరుతో తీరును. వాడుకొననిది మరుసటి యేటికి జమ కాదు. పాసు కావలసినవారు వాల్తేరు డివిజను కార్యాలయమునకు అర్జీ పెట్టుకొని, దారిలోని స్టేషనుల పేరులతో గూడ వ్రాయించుకొని, తిరుగుప్రయాణపు భాగమును భద్రపరచుకొనవలసియుండెడిది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో తూర్పు కోస్తా రైల్వే యని పేరులు మారినను ఈ యర్జీల ప్రవాహము వాల్తేరు వైపునకే సాగినది. 2020 నుండి పాసు కూడ ఫోనులోనికే వచ్చినది.

పునరుద్ధరణము అక్కరలేని రాయితీ యొకటి చిరకాలము ఉండెను. అరువదియేండ్లు నిండిన పురుషునకు టిక్కెట్టులో నూటికి 40, ఏబదియెనిమిదేండ్లు నిండిన స్త్రీకి నూటికి 50 తగ్గించు సామాన్య వృద్ధుల రాయితీ యది. దానికి కార్డు లేదు, గడువు లేదు, వయస్సే యర్హత. వృద్ధులు తేదీ గుర్తుంచుకొననక్కరలేని ఆ యొక్క రాయితీయే 2020 మార్చి 20వ తేదీన అందరికిని ఒక్కమారుగా నిలిచిపోయినది. ఏటేట అర్జీతో బొందు పాసు మాత్రము కొనసాగినది.

ఇన్ని గడువులను జ్ఞప్తియందుంచుకొనుటెట్లు? ఖజానాకు ఏప్రిలు, పూర్వపు రెవెన్యూ లెక్కకు జూలై 1న మొదలగు ఫసలీ, పాసునకు జనవరి, జీవనపత్రమునకు నవంబరు, ఎనుబదియేండ్లు దాటినవారికైనచో అక్టోబరు 1వ తేదీ నుండియే యవకాశము. మాసమాసము 15వ తేదీన పంచాయతి కార్యాలయము వద్ద గుమిగూడు, ఒడిశా ప్రభుత్వమిచ్చు మధుబాబు పింఛనువారిది మరియొక లెక్క. ఈ గడువులకును ఉగాదికిని పొత్తు లేదు. అయినను తెలుగింటి గోడమీది వేంకట్రామా క్యాలెండరు, పొరుగు ఒడియా యింటి కోహినూరు పంజి, ఏకాదశులను సంక్రమణములను జెప్పుటతో బాటు ఈ లౌకిక తిథులను గూడ మోయుచున్నవి. పాలలెక్క ప్రక్కన, గ్యాసుబండ తేదీ క్రింద, ‘లైఫ్ సర్టిఫికెట్టు’ అని వంకరయక్షరములతో వ్రాసి చుట్టు గీసిన గడి చరిత్రకారుని దృష్టికి రాదగిన పత్రమే.

ఈ వ్రాతపని సాధారణముగా ఇంటి యజమానిది. అతడు గతించినపిమ్మట కాగితముల సంచి భార్య చేతికి వచ్చును. రైల్వేవారు 1987లో వితంతువులకు ప్రత్యేకముగా పాసు నేర్పరచి, భర్త పొందదగినదానిలో సగమని నిర్ణయించిరి. ఏటికి రెండు పాసులున్నవాని భార్యకు ఒకటి. ఒకటే యున్న చిన్న శ్రేణి యుద్యోగి భార్యకు సగము పాసు ఇచ్చుట కుదరదు గనుక, రెండేండ్లకొకటి. గ్యాంగులో రాళ్లు గొట్టి రిటైరైనవాని యింటి ముసలమ్మ, తిరుపతికో పూరికో బోవలెనన్నచో, తనది సరిసంవత్సరమో బేసిసంవత్సరమో ముందుగా లెక్క చూచుకొనవలెను.