అసిస్టెంట్ లోకో పైలట్: శిక్షణకు ముందే సిద్ధం కావాల్సినవి

ఖరగ్‌పూర్ తెలుగువారిలో చాలామంది పూర్వీకులు బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం వచ్చినవారే. ఆ రైల్వే పట్టణంలోని సుభాష్‌పల్లి యువతకైనా, శ్రీకాకుళం యువతకైనా ఇంజిన్ క్యాబ్‌లోకి తొలి మెట్టు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగమే.

రెండు కంప్యూటర్ పరీక్షలు, ఆప్టిట్యూడ్ పరీక్ష దాటినా ఏ-1 వైద్య ప్రమాణం అందుకోవాలి. అద్దాలు లేకుండా 6/6 దూరపు చూపు ఉండాలి, రంగులు గుర్తించగలగాలి. లేసిక్ చేయించుకున్నవారు అనర్హులు. అందుకే దరఖాస్తుకు ముందే కంటి పరీక్ష మేలు.

తర్వాత సిగ్నళ్లు. ఎరుపు కనిపిస్తే ఆగాలి. ఒంటి పసుపైతే తర్వాతి సిగ్నల్ వద్ద ఆగేందుకు, జంట పసుపైతే దాన్ని తగ్గించిన వేగంతో దాటేందుకు సిద్ధపడాలి. ఆకుపచ్చ అయితే సాగిపోవచ్చు. విధుల్లో పైలట్, అసిస్టెంట్ ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలి. ఈ అలవాటును ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద విశాఖ-రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను ఢీకొని 14 మంది మరణించారు. లోపం తలెత్తిన ఆటోమేటిక్ సిగ్నళ్లను రాయగడ రైలు సిబ్బంది నిబంధనకు విరుద్ధంగా దాటారని ప్రాథమిక విచారణ పేర్కొంది. అలాంటి చోట ముందు ఆగాలి, ఆ తర్వాతే నెమ్మదిగా కదలాలి. పైలట్ మరిచినా ఆ మాట గుర్తుచేయాల్సింది పక్కనున్న అసిస్టెంటే.