చేతికందని చోట ఆక్సిజన్ సెన్సరు

ఏలూరులోగాని, తాడేపల్లిగూడెములోగాని పాత పెట్రోలు కారుకు ఆక్సిజన్ సెన్సరు మార్చవలసి వచ్చినప్పుడు మెకానిక్కుకు ఎదురయ్యే మొదటి చిక్కు, అది చేతికి అందకపోవడమే. అంత ఇరుకున దానిని పెట్టుటకు కారణమేమి?

1899లో జర్మనీ శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్, జిర్కోనియా వంటి లోహపు ఆక్సైడుల మిశ్రమములు చల్లగా ఉన్నప్పుడు విద్యుత్తును సాగనీయకున్నా, బాగా కాలినప్పుడు సాగనిచ్చునని చూపినాడు. అందులో కదిలేవి ఆక్సిజన్ అయానులు. అట్టి పలకకు ఒకవైపు బయటి గాలి, రెండవవైపు ఇంజను పొగ తగిలితే, రెంటిలోని ఆక్సిజన్ తేడాను బట్టి స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే సుమారు 0.1 వోల్టు. దానిని చూచి కంప్యూటరు పెట్రోలు పాలు సరిదిద్దుతుంది.

ఈ సూత్రముపై బాష్ కంపెనీ చేసిన సెన్సరు 1976లో వోల్వో కార్లకు అమరినది. అది పనిచేయుటకు సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. కనుకనే ఇంజనును అంటియున్న పొగగొట్టములో బిగించినారు. మన దేశములో 2000లో ఉద్గార నిబంధనలు బిగిసినవి, సెన్సరుకు విషమైన సీసపు పెట్రోలు ఆగినది. కార్బ్యురేటరు కార్లు క్రమముగా తొలగినవి.

పొగగొట్టపు వేడికి కొల్లేటి సీమ తేమ తోడైతే మరలు తుప్పుతో బిగుసుకొనును. ఇంజను గోరువెచ్చగా ఉండగా, తుప్పు వదలించు నూనె వేసి, తీగ దూరుటకు చీలిక గల సాకెట్టుతో మెల్లగా విప్పవలెను. బలవంతము చేస్తే మరలు చెడి, పొగగొట్టమునకే ఖర్చు వచ్చును. పని కష్టమని వాయిదా వేస్తే పెట్రోలు వృథా అగుటే కాక, పొగను శుద్ధిచేయు ఖరీదైన కన్వర్టరు కూడ పాడగును.