కాలవైశాఖి దారిలో చిన్న పడవ

ఖరగ్‌పూర్ అనగానే మీకు రైళ్లు గుర్తుకొస్తాయి. లేదా 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో మొదలైన మొదటి ఐ.ఐ.టి. గుర్తుకొస్తుంది. సముద్రం మాత్రం గుర్తుకు రాదు. కాని బెంగాల్ తీరంలో వేసవికాలపు చేపలవేట గురించి తెలుసుకోవాలంటే ఈ ఊరి నుంచి బయలుదేరటమే సబబు. ఎందుకో చూద్దాం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1899లో ఖరగ్‌పూర్‌ను కటక్‌తో కలిపింది. మరుసటి ఏడు కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తికావటంతో హౌరా కూడా కలిసింది. ఆ పట్టాల వెంబడే మన ఉత్తర కోస్తా జిల్లాల నుంచి ఎందరో కార్మికులు వర్క్‌షాపులకు, లోకో షెడ్లకు పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఈనాటికీ ఆ ఊరి బజారులో తెలుగు వినిపిస్తుంది. అదే లైనులో పూరీ వెళితే, సముద్రస్నానానికి వచ్చినవారి చేయి పట్టుకుని అలల్లోకి తీసుకువెళ్లే నులియాలు కనిపిస్తారు. పెంటకోట వాడలో ఉండే ఈ బెస్తలలో చాలామంది ఇంట మాట్లాడే భాష తెలుగే. రైలు పట్టాలూ, తెప్పలూ - ఈ తీరాన మనవాళ్ల బతుకులు రెండింటితోనూ ముడిపడి ఉన్నాయి.

ఇక గాలి సంగతి. చైత్ర వైశాఖాల్లో ఛోటానాగ్‌పూర్ పీఠభూమి పెనంలా కాగుతుంది. అక్కడి నుంచి పొడిగాలి పైపొరల్లో తూర్పుకు వీస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ నిండిన దక్షిణపు గాలి నేలను ఆనుకుని లోపలికి వస్తుంది. పైనున్న పొడి వేడిగాలి కొంతసేపు మూతలా పనిచేసి తేమగాలిని లేవనివ్వదు. మధ్యాహ్నపు ఎండకు ఆ మూత తెగితే, తేమగాలి ఒక్కసారిగా పైకి ఎగసి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘమవుతుంది. వానతోపాటు చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి నేలమీద నలువైపులా పరుగెడుతుంది. ఇదే బెంగాలీలు కాలవైశాఖి అని పిలిచే గాలివాన. 2018 ఏప్రిల్ 17న కలకత్తాలో దీని వేగం గంటకు 98 కి.మీ.కు చేరింది.

ఈ గాలివాన చాలాసార్లు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అంటే పీఠభూమి నుంచి ఖరగ్‌పూర్ పరిసరాల మీదుగా తీరంవైపు కదులుతుంది. ఖరగ్‌పూర్ నుంచి దీఘా తీరం తిన్నగా కొలిస్తే సుమారు 80 కి.మీ. గంటకు 40 కి.మీ. చొప్పున కదిలే గాలివానకు అది రెండు గంటల ప్రయాణం. తీరానికి 10 కి.మీ. దూరాన, గంటకు 5 కి.మీ. చొప్పున తెడ్డు వేసే పడవకు ఒడ్డు చేరటానికి పట్టేదీ రెండు గంటలే! పైగా ఇది నేల మీదినుంచి సముద్రం వైపు వీచే గాలి. పడవను ఒడ్డుకు కాదు, లోపలికి నెడుతుంది. కనుక ఖరగ్‌పూర్ మీద ఉరిమిన క్షణంలోనే కబురు పడవకు అందాలి. మరి అందిందా? చరిత్రను అడుగుదాం.

1848లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు 'సైక్లోన్' అనే మాటను సృష్టించాడు. మాట్లా నది మీద కడుతున్న కొత్త రేవును ఉప్పెన ముంచుతుందని 1853లో గవర్నర్ జనరల్‌కు లేఖ రాశాడు. ఆ హెచ్చరికను ఎవరూ లెక్కచేయలేదు. 1867లో తుఫాను ఆ రేవును నాశనం చేసింది. అంతకుముందే, 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మన మచిలీపట్నాన్ని ఉప్పెనలు ముంచి వేలాది ప్రాణాలు తీశాయి. ఆ దెబ్బతో 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ సారథ్యాన భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో పగలు శంకువులు, రాత్రి దీపాలు ఎగరేసి ప్రమాదం తెలిపే పద్ధతి వచ్చింది.

గమనించారా? ఇవన్నీ ఓడల కోసం. రేవు కనబడని ఇసుక ఒడ్డు నుంచి తెప్ప వేసుకుని వెళ్లేవాడికి ఆ స్తంభం ఎక్కడ కనిపిస్తుంది? 1942 అక్టోబరు 16న మిద్నపూర్ తీరాన్ని తుఫాను ముంచి 14 వేలకు పైగా మనుషులు చనిపోతే, యుద్ధకాలపు సెన్సారు మూలాన ఆ వార్తే కొన్నాళ్లపాటు బయటికి రాలేదు.

తుఫాను కొన్ని రోజులు ముందుగా తెలుస్తుంది. కాలవైశాఖి అలా కాదు, గంటల్లో పుట్టి గంటల్లో పోతుంది. అందుకే దాన్ని చదవటానికి వేరే పరికరాలు కావలసివచ్చాయి. 1990లో ఋతుపవన ద్రోణి అధ్యయనం కోసం జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసిలతోపాటు ఖరగ్‌పూర్‌లోనూ 30 మీటర్ల స్తంభం నిలబెట్టి, నేలకు దగ్గరి గాలిని, తేమను కొలిచారు. 2006 నుంచి 'స్టార్మ్' అనే కార్యక్రమం కింద తూర్పు భారతంలో కాలవైశాఖి మీదే ప్రత్యేక పరిశీలనలు జరిగాయి. అందులోనూ ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పాలుపంచుకుంది. కలకత్తా డాప్లర్ రాడార్ ఇప్పుడు మేఘం ఎదుగుదలను నిమిషాల తేడాతో చూపగలదు.

కబురు పుట్టించటం మనకు చేతనయింది. చేరవేయటం సంగతేమిటి? హైదరాబాదులోని 'ఇన్‌కాయిస్' సంస్థ పాలుపంచుకున్న 'జెమిని' పరికరం 2019లో వచ్చింది. సెల్‌ఫోను అందని నడిసముద్రంలో కూడా ఇది ఉపగ్రహం ద్వారా హెచ్చరిక అందిస్తుంది. మంచి పనే. అయితే దాన్ని కొని, చార్జింగు పెట్టి మోసుకెళ్లగలిగేది ఎక్కువగా మరపడవే.

ఇక్కడే ఒక చిక్కుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం పెట్టారు. కాలవైశాఖి ముమ్మరంగా వచ్చే రోజుల్లో చాలా భాగం ఇందులోనే పడుతుంది. మరపడవలు ఒడ్డున ఉంటాయి కాబట్టి వాటికి ఆ మేరకు రక్షణే. కాని ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. అంటే ఏడాదిలో అతి మొండి గాలులు వీచే నెలల్లో సముద్రం మీద మిగిలేవి అతి చిన్న పడవలు, అతి తక్కువ పరికరాలతో! మినహాయింపు తీసేస్తే వాళ్ల పొయ్యి వెలగదు. ఉంచితే హెచ్చరికైనా వాళ్ల దాకా చేరాలి.

దక్షిణపు గాలి చప్పున పడిపోవటం, వాయవ్యాన నల్లటి గట్టు లేవటం - ఈ గుర్తులు బెస్తవాడికి రాడార్ కంటే ముందే తెలుసు. కాని ఆ గట్టు కంటికి కనబడేసరికి ఒడ్డు చేరే వ్యవధి ఉండకపోవచ్చు. అతని కన్ను ఇచ్చే వ్యవధికి ఖరగ్‌పూర్ ఆకాశం మరో గంట జోడించగలదు. ఈసారి వేసవిలో మీరు దీఘాకో పూరీకో వెళ్లి సరదాగా పడవ ఎక్కబోతే, ముందు వాయవ్యం వైపు చూడండి. పడవవాడు "ఇవాళ వద్దు బాబూ" అంటే బేరమాడకండి.