దూదేకు విల్లు – పట్టు రజాయి



ఓర్వకల్లు పేరు చెబితే ఈనాడు బయటివారికి రాతివనమూ, 2021లో ప్రారంభమైన విమానాశ్రయమూ గుర్తుకొస్తాయి. మన పెద్దలకు మాత్రం చలికాలం ముందర వాకిట్లో మోగే దూదేకు విల్లు చప్పుడు గుర్తుంటుంది. ఆ విల్లు పట్టినవారి చరిత్ర రాజుల కథల్లో దొరకదు. మన ట్రంకుపెట్టెల్లోని పాత బొంతల్లో ఉంది.

దూదిని ఏకేవారు గనుక దూదేకులవారు. పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా అన్నవీ వీరి పేర్లే. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణ భారత కులాల గ్రంథం కూడా వీరిని దూది శుభ్రపరచే ముస్లిములుగా పేర్కొన్నది. ఆదోని, నంద్యాల ప్రాంతాలు నల్లరేగడి పత్తికి పెట్టింది పేరు గనుక ఈ వృత్తి మన సీమలో వేళ్లూనుకున్నది. నరం బిగించిన విల్లును దూదిలో ఆనించి కర్రగూటంతో మీటితే ముద్దలు విడిపోతాయి, దుమ్ము రాలుతుంది, పోగుకూ పోగుకూ మధ్య గాలి నిలుస్తుంది. చలిని ఆపేది ఆ గాలే.

మామూలు బొంతకు పాత చీరలు చాలు. దక్కన్‌లో కలిగిన ఇళ్లవారు మాత్రం రజాయికి మష్రూ వంటి బట్ట కోరేవారు. మష్రూ అంటే షరీఅత్ అనుమతించినది అని అర్థం. పురుషులు శుద్ధ పట్టు తొడగరాదు గదా! అందుకని నిలువు పోగు పట్టు, అడ్డ పోగు నూలు పెట్టి నేశారు. నిగనిగలాడే పట్టు పైకి కనబడుతుంది, ఒంటికి తగిలేది నూలు. గుజరాత్‌లోని పటాన్, మాండ్వీలు ఈ నేతకు ప్రసిద్ధి. దీనికి దగ్గరి హిమ్రూ ఔరంగాబాదుది. ఆ ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది.

ఇటువంటి బట్టతో రజాయి కుట్టడం ఆషామాషీ పని కాదు. పట్టులో సూది గుచ్చిన చిల్లు మళ్లీ పూడదు. కుట్టి విప్పుదామంటే కుదరదన్నమాట. సన్నని సూది, నూలు దారమే వాడాలి. గట్టి దారమైతే పాత పట్టును కోసేస్తుంది. అడుగున ఉతికిన మెత్తని మల్లుగుడ్డ పరచి, నడిమి నుంచి అంచులకు కచ్చా కుట్టు వేసుకుంటూ పోవాలి. దూది ఒక్కచోట ముద్దకట్టినా పైన బుడిపె కనబడుతుంది. కనుక పై పట్టు అందమంతా లోపల దూది ఏకినవాని చేతి చలువే.

అయితే లోకం వారికిచ్చిన బహుమానమేమిటి? ‘పింజారి’ అన్న పేరునే తిట్టు చేసింది. బయటివారి సంగతి సరే, మనలోనే కొందరు సంబంధాలు కలుపుకునేటప్పుడు మొగం తిప్పుకోలేదా? క్రీ.శ. 922లో బాగ్దాదులో ప్రాణమిచ్చిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని ‘హల్లాజ్’ అంటే దూదేకువాడనే అర్థం. ఉత్తరాదిన ఈ వృత్తివారు ఆయన పేర మన్సూరీలమని చెప్పుకుంటారు. మన కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డే. ఇంక సిగ్గుపడవలసింది ఎవరు?

ఏకుడు యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక విల్లు మూలన పడ్డది. దాన్ని తిరిగి మోగించమని అనను. ఒక్క మనవి. ఇంట్లో పాత పట్టు రజాయి ఉంటే ఉతక్కండి, ఎండలో వేయకండి. నీడన ఆరబెట్టి, ప్రతిసారీ మడత మార్చి దాచండి. కుట్టిన అవ్వ పేరూ, దూది ఏకిన తాత పేరూ చీటీ మీద రాసి అందులో పెట్టండి. పిల్లలు ఆ పేర్లు తలెత్తుకుని చదవాలి.