ప్రభువు రాకడ – సంఘ చరిత్రలో సిద్ధపాటు

నూరేండ్లు నిండిన వేళ సంఘము వెనుకకు తిరిగి చూచుకొనుట సహజమే. మిషనరీలను గూర్చియు, దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు వ్రాయువారు పలువురున్నారు. మేము మాత్రము క్రైస్తవులు ముందునకు చూచిన చరిత్రను కొంత వ్రాయదలచితిమి. ప్రభువు తీర్పు తీర్చుటకు మరల వచ్చునని విశ్వాస ప్రమాణములో ఆదివారము వెంబడి ఆదివారము ఒప్పుకొనుచున్నాము. ఈ మాట ఒప్పుకొన్నవారు పూర్వము ఎట్లు సిద్ధపడిరి, ఎక్కడ తొట్రిల్లిరి అని అడుగుట మనకును అవసరమే.

ఈ ప్రశ్న థెస్సలొనీకలోనే పుట్టినది. క్రీ.శ. 50 ప్రాంతమున పౌలు ఆ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక క్రొత్త నిబంధన గ్రంథములలో మిక్కిలి పాతవాటిలో నొకటి. రాకడకు ముందే కన్నుమూసిన తమవారి గతి యేమని అక్కడి విశ్వాసులు దుఃఖించుచుండిరి. పౌలు వారిని ఓదార్చెను. రెండవ పత్రిక నాటికి వేరొక చిక్కు వచ్చెను. ఆ దినము వచ్చియే యున్నదని కొందరు కలవరపడిరి. కొందరు పని మానుకొని పరుల జోలికి పోవుచుండిరి. ఈ రెంటికిని సంబంధము కలదని పెక్కుమంది వ్యాఖ్యాతల అభిప్రాయము. పౌలు వారికి ఏ తేదీయు చెప్పలేదు. డేరాలు కుట్టి బ్రదికిన ఆయన తన చేతుల కష్టమును మాదిరిగా చూపి, నెమ్మదిగా పనిచేసికొనుడని ఆజ్ఞాపించెను.

దినము లెక్కకట్టినవారందరు మూఢులని తలంచరాదు. జర్మనీ దేశపు బెంగెల్ (1687–1752) గ్రీకు క్రొత్త నిబంధనను పరిష్కరించిన గొప్ప పండితుడు, భక్తుడు. ఆయనయు ప్రకటన గ్రంథమును లెక్కించి 1836వ సంవత్సరమును చూపెను. తన లెక్క తప్పుట చూడక మునుపే ఆయన గతించెను. విలియం మిల్లరునకు ఆ మేలు కలుగలేదు.

మిల్లరు (1782–1849) అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున లో హాంప్టన్ అను గ్రామపు రైతు, బాప్టిస్టు. 1812లో మొదలైన యుద్ధమున కెప్టెనుగా పనిచేసి వచ్చిన పిదప బైబిలును వచనము వెంట వచనము చదువ మొదలిడెను. దానియేలు 8వ అధ్యాయములోని 2300 దినములను సంవత్సరములుగా ఎంచి, క్రీ.పూ. 457 నుండి లెక్కవేసి, 1843 ప్రాంతమున ప్రభువు వచ్చునని నిశ్చయించుకొనెను. 1818లోనే ఈ లెక్క తేలినను 1831 వరకు బహిరంగముగా బోధింపలేదు. తొందరపాటు మనిషి కాడు. బోస్టను పాస్టరు జాషువ హైమ్స్ 1840లో పత్రిక పెట్టిన తరువాత ఆ బోధ ఊరూర ప్రాకెను. 1844 మార్చితో మిల్లరు చెప్పిన గడువు దాటెను. అప్పుడు శామ్యూల్ స్నో అను బోధకుడు ఆ యేటి అక్టోబరు 22 అని ఖండితముగా తేదీ పెట్టెను. మిల్లరు చాల దినములు దానికి ఒప్పుకొనలేదు; అక్టోబరు నెల వచ్చిన పిమ్మటనే తలయొగ్గెను.

ఆ దినములలో కొందరు పంట కోయక పొలములోనే విడిచిరి, అంగళ్లు మూసిరి. తెల్లని వస్త్రములు ధరించి కొండలెక్కిరని అపహాసకులు చెప్పిన కథకు మాత్రము సరియైన ఆధారము లేదు. వారిలో అనేకులు అప్పులు తీర్చిరి, చేసిన అన్యాయములు ఒప్పుకొనిరి, పగవారితో సమాధానపడిరి. లెక్క తప్పినను ఇది నిజమైన సిద్ధపాటే యని మా అభిప్రాయము. అక్టోబరు 23 ఉదయము ఎప్పటివలెనే తెల్లవారెను. ఏడ్చినవారు ఏడ్చిరి, వీధిలో ఎగతాళి పొందిరి, కొందరు విశ్వాసమునే విడిచిరి. తక్కినవారిలో ఒక శాఖనుండి 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘము ఏర్పడెను. హైమ్స్ చేసిన పని మనము జ్ఞాపకముంచుకొనదగినది. పంట పోగొట్టుకొని చలికాలమున తిండికి లేనివారికి సహాయము చేయవలసినదని ఆయన తోటివారిని వేడుకొనెను. ఆయనయే వృద్ధాప్యమున ఎపిస్కోపల్ సంఘములో 1878లో గురుత్వము పొంది, 1895లో మరణించువరకు ఆ సంఘములోనే నిలిచెను.

ఇది దూరదేశపు కథ యని తీసివేయ వీలులేదు. 1841లో రాబర్టు నోబులును హెన్రీ ఫాక్సును మచిలీపట్నమునకు వచ్చిన సి.ఎం.ఎస్. మిషను తిరువాన్కూరులోను పనిచేయుచుండెను. అక్కడ తమిళ బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన విద్వాన్ కుట్టి 1861లో కుటుంబ సమేతముగా బాప్తిస్మము పొంది, యుస్తుస్ యోసేపు అను పేర గురువాయెను. 1873 ప్రాంతమున గొప్ప ఉజ్జీవము కలిగి జనులు పాపములు ఒప్పుకొనిరి. ఆ వేడిలోనే, 1881లో ప్రభువు వచ్చునను ప్రవచనము బయలుదేరెను. ఆయన దానిని నమ్మెను, మిషనుకు దూరమాయెను. ఆ యేడు గడచిపోయెను. ఆయనయు అనుచరులును యుయోమయ సభ యను వేరు సంఘముగా నిలిచిరి. 1887లో ఆయన గతించెను. ఆ ప్రవచనము నేడు ఎందరికి జ్ఞాపకమున్నదో గాని, ఆయన కట్టిన కీర్తనలు కేరళ సంఘములలో నేటికిని పాడబడుచున్నవి.

మన దినములలోను ఈ జబ్బు మానలేదు. అమెరికా రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ కాంపింగ్ 2011 మే 21 అని చాటించి, అది తప్పగా అక్టోబరు 21 అనెను. 2012లో తన తప్పు ఒప్పుకొనెను. ఇట్టి వార్త సెల్‌ఫోనులో వచ్చినప్పుడు ఇండ్లలో భయపడువారు ముఖ్యముగా వృద్ధులును పిల్లలును. వారికి సమాధానము చెప్పవలసిన భారము సంఘ పెద్దలది.

అట్టి సమాధానమునకు ఒక మాదిరి కలదు. 1780 మే 19న అమెరికా ఈశాన్య ప్రాంతమున మధ్యాహ్నమే చీకటి క్రమ్మెను. అడవులు తగులబడిన పొగయే దానికి కారణమని ఇప్పుడు తెలిసినది. ఆనాటివారు తీర్పు దినము వచ్చినదనుకొనిరి. కనెక్టికట్ రాష్ట్ర శాసనసభ ఆ భయముతో వాయిదా పడెను. పై సభయు లేచిపోవలెనని కొందరనగా అబ్రహాము డావెన్‌పోర్ట్ అను సభ్యుడు ఒప్పుకొనలేదు. ఆ దినము కానిచో లేవ నక్కరలేదు, అయినచో పనిలో నుండగానే ప్రభువు తన్ను చూడవలెనని చెప్పి, క్రొవ్వొత్తులు తెప్పింపుడనెను. రేపు లోకాంతమైనను నేడు ఆపిల్ మొక్క నాటుదునని లూథరు అన్నట్లు మనము ప్రసంగములలో వినుచుందుము. ఆ మాట లూథరు వ్రాతలలో లేదు. 1944లో, యుద్ధపు బాంబుల క్రింద నలుగుచున్న జర్మనీ సంఘములో అది మొదట వ్రాతలో కనబడినది. ఎవరన్నదైనను మంచి మాటయే.

మన పాత సమాధుల తోటలలో పెక్కు సమాధులు తల పడమరకును కాళ్లు తూర్పునకును ఉండునట్లు కట్టబడినవి. లేచినప్పుడు తూర్పున ప్రత్యక్షమగు ప్రభువునకు ఎదురుగా నిలువవలెనని పూర్వపు క్రైస్తవులు పెట్టుకొన్న ఆచారమిది. అక్కడ నిద్రించుచున్న ఉపదేశకులును, బైబిలు స్త్రీలును, బడిపంతుళ్లును పగలు పిల్లలచేత అక్షరములు దిద్దించి, రాత్రి లాంతరు పట్టుకొని పల్లెలలో ప్రార్థనలు జరిపించినవారు. ఆగమన ఆదివారములలో రాకడను గూర్చి బోధించిరి గాని ఎవ్వరికిని తేదీ చెప్పలేదు. ఈస్టరు తెల్లవారుజామున దీపములతో అక్కడికి వెళ్లునప్పుడు, ఆ రాళ్లు ఏ దిక్కునకు ఎదురుగా ఉన్నవో, ఎందుకట్లు ఉన్నవో పిల్లలకు చూపవలెనని పెద్దలను కోరుచున్నాము.