కుదురు

"మీదెక్కడ? మీవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?"

అమలాపురంలో అద్దెకు ఇల్లడిగినా, రాజోలు బస్సులో పక్క సీటాయనతో మాట కలిసినా, మా పేరు చెప్పగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. దాని వెనకే ఒక మెచ్చుకోలు కూడా వస్తుంది: "తెలుగు భలే మాట్లాడతారండీ!" కోనసీమలో పుట్టినవాళ్లం తెలుగు కాక ఇంకేం మాట్లాడతాం? ఇంట్లో అమ్మీతో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండూ మా నోటివే.

సరే, ఎక్కడి నుంచి వచ్చామో చెప్పుకుందాం. ముందు ఈ నేల ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన గోదావరి దక్కను మట్టినంతా మోసుకొచ్చి సముద్రం ఒడ్డున పోసింది. గౌతమికీ వశిష్ఠకూ నడుమ అలా లేచిందే కోనసీమ. ఇక్కడ లంకలు లేస్తాయి, కోతపడి మునుగుతాయి, మరోచోట మళ్లీ లేస్తాయి. ఇక్కడి మట్టే వలసొచ్చింది. ఆ మట్టి మీదికి కొందరు ముందు వచ్చారు, కొందరు వెనక వచ్చారు. తేడా అంతే.

రాజమండ్రిలోని పెద్ద మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది. అక్కడ అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని చెప్పుకుంటారు. ఆ మాట చెప్పుకోవడానికి మాకు భయం లేదు. రాజులు చేసిన పనికి రాజులు జవాబుదారులు. దూదేకి, పరుపులు కుట్టి, గాజులమ్మి పొట్టపోసుకున్న మా తాతలు ఏ గుమ్మం మీదా శాసనం చెక్కించుకోలేదు.

తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, 1687లో మొగలులు, 1724 నుంచి నిజాములు వచ్చారు. 1753లో ఫ్రెంచివారికి, 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరం చేతులు మారింది. జెండాలు మారినా సర్కారు అన్న పేరు మాత్రం పోలేదు. కోస్తా జిల్లాలు సర్కారు జిల్లాలయ్యాయి. జిల్లా, తాలూకా, తహశీల్దారు, జమాబందీ, ఫసలీ, ఖరీఫ్, రబీ అన్నీ అరబ్బీ పారశీకాల దారిన వచ్చిన మాటలే. చివరికి 'రైతు' కూడా అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చిందే. వరి కోసే మనిషికి ఆ పేరు తప్ప మరో పేరు తోచనంతగా అది మనదైపోయింది. ఆ మాటను ఎక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగరు. ఆ మాటతోపాటు వచ్చిన మనుషుల్ని మాత్రం అడుగుతారు.

అందరూ వచ్చారనడం కూడా తప్పే. మాలో ఎంతోమంది ఎక్కడి నుంచీ రాలేదు. దూదేకులవారి ఇంటి భాష తరతరాలుగా తెలుగే. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉండి, మొక్కే దారి మార్చుకున్నవాళ్ల పిల్లలం మేం.

కల్నల్ మెకంజీ ఊరూరా చరిత్రలు రాయించాడు. వాటికి కైఫియత్తులని పేరు. ఆ మాటా మాదే. వాటిలో అగ్రహారం ఎవరిచ్చారో, గుడికి మాన్యం ఎంతో ఉంటుంది. దూదేకే సాయిబు ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందుకు వెళ్లాడో రాయాలని ఎవరికి తోస్తుంది?

వైనతేయకు అవతలి రాజోలు ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో 'నగరం దీవి' అన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది. ఆ దశాబ్దంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి కాలువ నీళ్లు ఆ దీవికి దాటించారు. ఇవాళ్టి కొబ్బరితోటలూ వరిచేలూ ఆ నీళ్ల చలవే. నీళ్లొచ్చాక పనొచ్చింది, పని కోసం అన్ని కులాల జనమూ వచ్చారు. ఆ దీవికి పేరిచ్చిన నగరం ఊళ్లో ఇప్పటికీ మావాళ్ల ఇళ్లున్నాయి. పక్కనే మొగలికుదురు. పేరు విని మొగలుల ఊరనుకునే వాళ్లుంటారు. అది మొగలిపొద, అంతే! మమ్మల్ని చూసి మొగలులనుకోవడం కూడా అలాంటిదే.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కొబ్బరిచెట్లు కూలినప్పుడు ఎవరి తోట అని గాలి అడగలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయినప్పుడు మంట కూడా అడగలేదు. మనుషులే అడుగుతారు. 2022 మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు మాకు తెలిసొచ్చింది, ఈ నేల ఎవరిదన్న ప్రశ్న మా ఒక్కరికే కాదని. ఇక్కడే తరాలుగా చెమటోడ్చిన దళితుడి ముందూ అదే ప్రశ్న నిలబడింది.

ఉమ్మడి తూర్పుగోదావరిలో 2011 లెక్కల ప్రకారం మేం నూటికి ఇద్దరం కూడా లేం. మస్కట్‌కూ కువైట్‌కూ వెళ్లిన మా పిల్లల్ని అక్కడ అడిగితే "కోనసీమ" అని చెబుతారు. అక్కడ ఎవరూ రుజువడగరు.

మామిడికుదురు, మొగలికుదురు. ఎంత మంచి పేర్లు! కుదురంటే చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి చేసే పాదు. కుదురుకోవడమంటే నిలదొక్కుకోవడం. మా తాతలూ నానీలూ ఈ ఒండ్రులోనే పూడ్చబడ్డారు. ఎక్కడి నుంచి వచ్చారని ఇంకోసారి అడిగితే ఆ ఖబరస్తాన్ చూపిస్తాం. మీ తాతలు ఏ ఒడ్డు నుంచి పడవెక్కి ఈ లంక దిగారో మీరూ చెప్పండి. ఇద్దరం కలిసి ఊరి కైఫియత్తు మళ్లీ రాసుకుందాం.