ఓట్లేసుకుని ఫైళ్లను కాపాడుకునే కంప్యూటర్లు

ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ అయిపోతే ఏమవుతుంది? నిన్నటిదాకా చూసిన సినిమా కూడా ఓపెన్ కాదు. ఎందుకంటే మనం దాన్ని కొనలేదు, అద్దెకు తీసుకున్నాం. 1990ల చివర్లో అమెరికా లైబ్రరీలకు సరిగ్గా ఇదే భయం పట్టుకుంది.

అంతకుముందు సైన్స్ జర్నల్ అంటే కాగితం. చందా ఆపేసినా పాత సంచికలు బీరువాలో ఉండేవి. ఒక లైబ్రరీ తగలబడినా వేరే చోట కాపీ దొరికేది. జర్నల్స్ వెబ్‌లోకి వచ్చాక అసలు కాపీ పబ్లిషర్ సర్వర్‌లోనే. మరి ఆ సర్వర్ ఆపేస్తే?

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విక్కీ రైక్ అనే లైబ్రేరియన్, డేవిడ్ రోజెంతాల్ అనే ఇంజనీర్ కలిసి దీనికో దారి చూపించారు. దాని పేరు లాక్స్. కాపీలు ఎక్కువుంటే సరుకు భద్రం అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలతో పెట్టిన పేరది.

పబ్లిషర్ అనుమతితో ప్రతి లైబ్రరీ ఒక మామూలు పీసీలో తన జర్నల్స్ కాపీ దాచుకుంటుంది. అక్కడితో ఆగితే అది ఉత్త బ్యాకప్. ఏళ్ల తరబడి డిస్క్‌లో పడున్న ఫైల్‌లో కొన్ని బిట్లు పాడైనా, ఎవరో తెరిచి చూసేదాకా తెలియదు. అందుకే ఈ పీసీలు అప్పుడప్పుడు పోలింగ్ పెట్టుకుంటాయి. ఒక్కోటీ తన కాపీకి హాష్ లెక్కగట్టి పంపుతుంది. హాష్ అంటే ఫైల్ వేలిముద్ర అనుకోండి. మెజారిటీతో కలవని పీసీ తన కాపీ పాడైందని తెలుసుకుని, పబ్లిషర్ నుంచో వేరే లైబ్రరీ నుంచో మంచిది తెచ్చుకుంటుంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మా కోడ్ రాసేవాళ్లం స్పీడ్ కోసం కొట్టుకుంటాం. వీళ్లు కావాలనే స్లోగా పెట్టారు. హ్యాకర్ ఒక పాత వ్యాసాన్ని మార్చాలంటే చాలా లైబ్రరీల్లో మార్చాలి. అదంతా నెమ్మదిగా జరగాల్సిందే కాబట్టి, ఈలోపు ఎక్కడో అలారం మోగుతుంది. ఈ డిజైన్ మీద రాసిన పేపర్‌కి 2003లో ఎస్‌ఓఎస్‌పీ అనే పెద్ద కంప్యూటర్ సైన్స్ సదస్సులో ఉత్తమ పేపర్ అవార్డు వచ్చింది.

ఇది పని చేసిందా? చేసింది. ఇదే సాఫ్ట్‌వేర్‌తో పబ్లిషర్లు, లైబ్రరీలు కలిసి క్లాక్స్ అనే ఆర్కైవ్ నడుపుతున్నాయి. అవయవ మార్పిడి మీద 'గ్రాఫ్ట్' అనే జర్నల్ ఉండేది. పబ్లిషర్ దాన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వడం మానేశాక, 2008లో క్లాక్స్ తన కాపీని బయటికి తీసి అందరికీ ఉచితంగా ఇచ్చింది.

క్లౌడ్‌లో ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ ఒకే కంపెనీ దగ్గర ఎన్ని కాపీలున్నా తాళం చెవి ఒకరి చేతిలోనే. కాపీలు వేర్వేరు చేతుల్లో ఉండాలి, ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ ఉండాలి. మీ అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు ఎన్ని చోట్ల ఉన్నాయి? అవి చివరిసారి తెరిచి చూసిందెప్పుడు? ఈరోజే ఒకసారి చూడండి.